ఫిట్స్ వచ్చిన మర్నాటి బడి



ఈ పూట నా మాటలు ముఖ్యంగా బడిపంతుళ్లకీ, ఫిట్స్ ఉన్న బిడ్డల తల్లిదండ్రులకీ. కొడవలూరు మండలంలోనూ ఆ చుట్టుపక్కలా చాలా ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ణి. డాక్టర్ని కాను. ఏ మందు వాడాలో, ఎంత వాడాలో డాక్టర్లు చెబుతారు. తరగతి గదిలో ఏం జరుగుతుందో, ఏం జరిగితే బాగుంటుందో, అంతవరకే నేను చెప్పేది.

ముందు ఒక లెక్క. మన దేశంలో వేర్వేరు చోట్ల జరిగిన సర్వేలు చూస్తే వెయ్యిమందిలో అయిదారుగురికి మూర్ఛ జబ్బు ఉంటుంది. దేశం మొత్తం మీద డెబ్బై ఎనభై లక్షలమంది అన్నమాట. ప్రపంచంలో 5 కోట్లమంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కోట్లు మనకి అందవు గనక మన ఊళ్లోకి వద్దాం. నార్త్ రాజుపాలెంలోనో, గండవరంలోనో, తలమంచిలోనో మూడు నాలుగు వందలమంది పిల్లలున్న బడి ఉందనుకోండి. అందులో ఒకరో ఇద్దరో ఉండే ఉంటారు. ‘మా బడిలో అట్టాంటోళ్లు ఎవరూ లేరండీ’ అని హెడ్మాస్టరు అన్నారంటే, ఆయనకి తెలియలేదని అర్థం.

తెలియకపోవడానికి కారణాలు రెండు. ఇంట్లోవాళ్లు దాచిపెడతారు, అది ఒకటి. ఫిట్స్ అన్నీ కిందపడి కొట్టుకునేవి కావు, అది రెండోది. ఈ రెండోదాన్ని ముందు చెబుతాను. దీనివల్ల దెబ్బలు తినే పిల్లలున్నారు.

నాలుగో తరగతి పిల్ల డిక్టేషన్ నోటుపుస్తకం ఒకటి నాకు బాగా గుర్తు. టీచరు చెప్పిన వాక్యం: ‘వానలు పడి చెరువు నిండాక రైతులు మడి దున్ని నాట్లు వేస్తారు.’ ఆ పిల్ల రాసింది: ‘వానలు పడి చెరువు’, ఆ తర్వాత ‘నాట్లు వేస్తారు.’ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. ఒత్తు తప్పలేదు, దీర్ఘం తప్పలేదు. మధ్యలో మాటలు మాత్రం లేవు. పేజీలో మూడు నాలుగు చోట్ల ఇదే వరస. పక్కన ఎర్రసిరాతో ‘శ్రద్ధ లేదు’ అని రాసి, కింద గీత కూడా గీశారు.

ఆ పిల్లకి శ్రద్ధ లేకపోతే మిగిలిన మాటలైనా అంత శుభ్రంగా ఎలా రాసింది? మెదడులో ఒక పది సెకన్లు, మహా అయితే ఇరవై సెకన్లు, కరెంటు గాడి తప్పుతుంది. ఆ కాసేపూ పిల్లకి వినపడదు, కనపడదు, గుర్తుండదు. కింద పడదు. కళ్లు ఒకచోట నిలిచిపోతాయి, రెప్పలు సన్నగా అదురుతాయి. తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ రాయడం మొదలుపెడుతుంది. తనకి ఏదో జరిగిందని ఆ పిల్లకే తెలియదు. సాధారణంగా నాలుగేళ్ల నుంచి పదేళ్ల లోపు మొదలయ్యే జబ్బిది. రోజుకి పదులసార్లు రావచ్చు. అన్నిసార్లు పాఠం ముక్కలైపోతే లెక్క ఎక్కడ అర్థమవుతుంది? ‘ఏమ్మే, ఏందట్టా మిడిగుడ్లేసుకోని చూస్తుండావు?’ అని మనం సుద్దముక్క విసురుతాం.

పరధ్యానానికీ దీనికీ తేడా కనిపెట్టడం పంతులికి కష్టమేమీ కాదు. పరధ్యానంలో ఉన్న పిల్లని పేరు పెట్టి పిలిస్తే, భుజం తడితే ఉలిక్కిపడి చూస్తుంది. ఇందులో తట్టినా రాదు, దానంతటది అయిపోయాకే వస్తుంది. పరధ్యానం విసుగు పుట్టే పీరియడ్‌లో వస్తుంది. ఇది మాట్లాడుతుండగా మాట మధ్యలో, అన్నం ముద్ద నోట్లో ఉండగా, తొక్కుడుబిళ్ల ఆటలో కూడా వస్తుంది. అనుమానం తగిలితే తేదీ, సమయం, ఎంతసేపు అన్నది ఒక కాగితం మీద నాలుగు రోజులు రాసి తల్లిదండ్రుల చేతికివ్వండి. వాళ్లు సరేనంటే సెల్‌ఫోన్లో వీడియో తీయండి. అది డాక్టరు చూడటానికి మాత్రమే, వాట్సాప్ గ్రూపుకి కాదు. మెదడులో కరెంటు తీరుని కాగితం మీద చూపించే ఈఈజీ పరీక్షని జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే డాక్టరు 1924లో మనిషి మీద మొదటిసారి చేశాడు. ఇప్పుడది నెల్లూరులోనే చేస్తారు. సరైన మందు పడితే ఈ రకం ఫిట్స్ చాలామంది పిల్లల్లో అదుపులోకి వస్తాయి. వాళ్ల నోటుపుస్తకాల్లో ఖాళీలు పూడతాయి.

ఇంకొక రకం ఉంది. పిల్లవాడు ఉన్నట్టుండి పెదాలు చప్పరిస్తాడు, చొక్కా గుండీ పట్టుకుని లాగుతూ ఉంటాడు, బెంచీ మీంచి లేచి ఎటో నడుస్తాడు. పిలిస్తే పలకడు. పొగరనుకుంటాం. అదీ మూర్ఛే. అప్పుడు చెయ్యి పట్టి లాగితే తోసేస్తాడు, కావాలని కాదు. నెమ్మదిగా వెంట ఉండి, మెట్లవైపో బావివైపో పోకుండా చూసుకుంటే రెండు నిమిషాల్లో తేరుకుంటాడు.

ఇక అందరికీ తెలిసిన ఫిట్స్.

ప్రార్థన సమయం. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఎనిమిదో తరగతి వరసలో ఒక అమ్మాయి కేకపెట్టి వెల్లకిలా పడింది. ఒళ్లు కొయ్యబారి, తర్వాత కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. గుడ్లు తేలేసింది, నోటివెంట నురగ. వరసలు చెదిరిపోయాయి. ఒకరు తాళంచెవుల గుత్తి తెచ్చి చేతిలో కుక్కబోయారు. ఇంకొకరు చెప్పు తీసి వాసన చూపించమన్నారు. వంటమ్మ ఉల్లిపాయ చితక్కొట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఆ పక్కనున్న వ్యాయామ ఉపాధ్యాయుడు ఎవరినీ తిట్టలేదు. మెడలో స్కార్ఫ్ తీసి మడిచి ఆ పిల్ల తలకింద పెట్టాడు, కాలరు గుండీ వదులు చేశాడు, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. చేతిగడియారం చూసుకున్నాడు. ‘ఎవరూ దగ్గరికి రాబాకండి. టైం చూస్తుండా’ అన్నాడు. రెండు నిమిషాల లోపే ఆగింది.

తాళంచెవులకి పేరు రావడానికి కారణం ఇదే. చాలాసార్లు ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగిపోతుంది. తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ టైమే అవుతుంది. ఇనుము గొప్పతనం అందులో ఏమీ లేదు.

చేయకూడని పనులు మాత్రం ప్రమాదమైనవి. నోట్లో చెంచా, స్కేలు, గుడ్డ, వేలు, ఏదీ పెట్టకూడదు. నాలుక మింగేస్తారన్నది ఒట్టిమాట. పెడితే పళ్లు ఊడతాయి, మన వేలు తెగుతుంది, ఊపిరి ఆడదు. కాళ్లూ చేతులూ గట్టిగా అదిమి పట్టకూడదు. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు పోయకూడదు. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగీ ఆగకముందే రెండోది మొదలైనా, పడ్డప్పుడు తలకి గట్టి దెబ్బ తగిలినా, నీళ్లలో పడినా, అసలు అదే మొదటిసారైనా 108కి ఫోన్ చేయండి. మన రాష్ట్రంలో ఆ బండి 2005 ఆగస్టు 15 నుంచి తిరుగుతోంది. హైవే పక్క మండలం గనక మనకి దారి కూడా అనుకూలమే. కొందరు పిల్లలకి డాక్టర్లు ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే రాసిస్తారు. అలాంటిది ఉంటే బడిలో ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్ని నిమిషాలకి కొట్టాలి, ఎవరు కొడతారు అన్నది డాక్టరు రాతతో ముందే తేల్చుకోవాలి. పిల్ల కింద పడ్డాక బీరువా తాళం వెతుక్కోకూడదు కదా.

ఇంతవరకూ ప్రథమ చికిత్స. ఇది ఈమధ్య చాలామంది చెబుతున్నారు, మంచిదే. నాకు చెప్పాలనిపించేది ఆ తర్వాతి సంగతి. ఆ రెండు నిమిషాలూ ఆ పిల్ల చదువుని పాడుచేయవు. ఆ తర్వాత బడి ఏం చేసిందో, దాన్నిబట్టే ఆ పిల్ల మర్నాడు వస్తుందో రాదో తేలుతుంది.

ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి తెలివి వచ్చి చూసుకుంది. లంగా తడిసిపోయి ఉంది. ఫిట్స్‌లో ఒక్కోసారి తెలియకుండా మూత్రం పోతుంది. చుట్టూ నాలుగు వందల కళ్లు. పదమూడేళ్ల పిల్ల. ఫిట్స్ వచ్చిన సంగతి ఆమెకి గుర్తు లేదు గానీ ఆ కళ్లు గుర్తుంటాయి. అందుకే ప్రతి బడి బీరువాలోనూ ఉతికిన యూనిఫాం ఒక జత, ఒక దుప్పటి, ఒక తువ్వాలు ఉండాలంటాను. దానికి జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. పిల్ల పడగానే మిగతా వరసలని అటు తిప్పి తరగతులకి నడిపించడం ఒక పని. ఒక మేడమ్ దుప్పటి అడ్డంపెట్టి పక్కన కూర్చోవడం ఇంకో పని. ఫిట్స్ తర్వాత ఒళ్లు నలిగిపోయి, తలనొప్పితో, మత్తుగా గంటో రెండు గంటలో నిద్రపోతారు. స్టాఫ్ రూములో చాప వేసి పడుకోబెడితే సరిపోతుంది.

కానీ జరిగేది ఏమిటి? అమ్మకి ఫోన్ పోతుంది. ఆమె ఎక్కడో మడిలో నాటు వేస్తూ ఉంటుంది. కూలి పోగొట్టుకుని, బురదకాళ్లతో ఆటో ఎక్కి వస్తుంది. పిల్లని ఇంటికి తీసుకెళ్లమంటారు. ‘పూర్తిగా తగ్గినాక పంపండమ్మా, మాకు రిస్కు’ అంటారు. పూర్తిగా తగ్గడం అంటే ఏళ్లు. ఫిట్స్ రాకుండా కనీసం రెండేళ్లు గడిచాకే సాధారణంగా డాక్టర్లు పిల్లల మందు తగ్గించే ఆలోచన చేస్తారు. అన్నాళ్లు బడి మానేస్తే ఆ పిల్ల ఇక రాదు. రెండు నిమిషాల ఫిట్స్‌కి రెండేళ్ల చదువా? ఇది నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ బిడ్డనీ బడి నుంచి తీసేయకూడదు. అదే చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ‘శ్రద్ధ లేదు’ అని రోజూ నిలబెట్టడం కూడా ఆ కిందికే వస్తుందని నా అభిప్రాయం. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో మూర్ఛ అని విడిగా రాయలేదు. దీర్ఘకాలిక నరాల జబ్బుల కింద కొందరికి దారి దొరకవచ్చు గానీ అందరికీ సర్టిఫికెట్ రాదు. అందుకే ఈ పిల్లలు ఏ రిజిస్టర్లోకీ ఎక్కకుండా మధ్యలో మిగిలిపోతారు. వాళ్లకి కావలసింది బడిలో కాస్త తెలిసిన మనుషులు.

తెలియాలంటే ఇంట్లోవాళ్లు చెప్పాలి. ఎందుకు చెప్పరో మనకి తెలియంది కాదు. ఆడపిల్ల అయితే మొదట వచ్చే మాట పెళ్లి. ‘సార్, ఈ సంగతి బయటికి పొక్కితే రేపు సంబంధాలు రావు’ అని చెంగు నోటికి అడ్డంపెట్టుకుని చెప్పిన తల్లులున్నారు. ఒకప్పుడు చట్టం కూడా వాళ్ల భయానికి తగ్గట్టే ఉండేది. హిందూ వివాహ చట్టంలో పదేపదే వచ్చే మూర్ఛ పెళ్లికి అడ్డంకుల్లో ఒకటి. 1999లో పార్లమెంటు ఆ మాటని తీసేసింది. ఇప్పటికి పాతికేళ్లు దాటింది. చట్టంలోంచి పోయింది, మన వీధిలోంచి ఇంకా పోలేదు. తల్లి దాచడంలో తప్పు పట్టను. కానీ బడికి చెప్పడం వేరు, ఊరికి చెప్పడం వేరు. ఆ తేడాని బడి నిలబెట్టి చూపించాలి. క్లాస్ టీచర్‌కి చెప్పిన మాట టీకొట్టులో వినపడితే ఇంకే తల్లీ నోరు విప్పదు.

ఒక్క కాగితం చాలు. బిడ్డ పేరు, ఫిట్స్ ఎలా వస్తుంది, మామూలుగా ఎంతసేపు ఉంటుంది, వాడే మందుల పేర్లు, అయిదు నిమిషాలు దాటితే ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి. ఇది నోటీసు బోర్డుకి అంటించే కాగితం కాదు. అలాగని హెడ్మాస్టరు సొరుగులో తాళం వేసి ఉంచేదీ కాదు. ఆ తరగతికి వెళ్లే ప్రతి టీచరూ, ఆటల సారూ, మధ్యాహ్న భోజనం వండే అమ్మా చదివి లేదా విని ఉండాలి. మన దగ్గర బదిలీల కాలం వస్తే తెలిసిన టీచర్లు వెళ్లిపోతారు, వాళ్లతోపాటే ఈ సంగతీ వెళ్లిపోతుంది. కొత్త ఏడాది మొదట్లోనే ఆ కాగితం చేతులు మారాలి.

తోటి పిల్లలకి కూడా చెప్పాలి, ఆ బిడ్డ, తల్లి సరేనంటేనే. ‘దాన్ని ముట్టుకుంటే మనకీ వస్తుందంట’, ‘నురగ అంటితే అంతేనంట’, ‘గాలి సోకిందంట’, ఇవీ పిల్లల మాటలు. అంటుకునే జబ్బు కాదని ఒక పావుగంట చెబితే వాళ్లు మనకన్నా తొందరగా మారతారు. బెంచీలో పక్కనుండే స్నేహితురాలికి ‘పక్కకి తిప్పు, టైం చూడు, సార్‌ని పిలువు’ అని మూడు పనులు నేర్పితే ఆ పిల్లకి అంతకన్నా పెద్ద రక్ష లేదు.

మందుల విషయంలో పంతులు తెలుసుకోవాల్సింది కొంత ఉంది. కొన్ని మందులకి మగత వస్తుంది, మొదటి పీరియడ్‌లో పిల్ల తూగుతుంది. కొన్నిటికి చిగుళ్లు వాస్తాయి. ఒకదానికి ఆకలి పెరిగి ఒళ్లు వస్తుంది, ఇంకొకదానికి కోపం ముక్కుమీద ఉంటుంది. నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న పిల్లవాడు ఈ నెల నుంచి అందరితో గొడవ పడుతున్నాడంటే, మందు మారిందేమో తల్లిని అడగండి. మందు మాత్రం మానేయమనకండి. ఉన్నట్టుండి ఆపేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. చాలా మందులు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నాట్ల రోజుల్లో అమ్మ చీకటితో వెళ్లిపోతుంది, పొద్దుటి మాత్ర తప్పుతుంది. ప్రార్థనకి ముందు పక్కకి పిలిచి ‘మాత్ర వేసుకున్నావా తల్లీ?’ అని అడగడానికి అర నిమిషం చాలు.

నిద్ర తక్కువైతే ఫిట్స్ వస్తాయి. చదువుకి పేరుపడ్డ జిల్లా మనది. హాస్టళ్లలో తెల్లవారుజామున లేపి, రాత్రి పదకొండు దాకా చదివించడాన్ని గొప్పగా చెప్పుకుంటాం. పదిహేను పదహారేళ్ల వయసులో మొదలయ్యే ఒకరకం మూర్ఛ ఉంది. పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే చెయ్యి ఒక్కసారి అదిరి బ్రష్ ఎగిరిపడుతుంది, కాఫీ గ్లాసు జారిపోతుంది. చేతిలో పట్టు లేదని తిడతారు. పరీక్షల ముందు నాలుగు రాత్రులు మేలుకున్నాక పెద్ద ఫిట్స్ వస్తుంది. ఆ పిల్లవాడికి ట్యూషన్ కన్నా ఎనిమిది గంటల నిద్ర అవసరం. స్టడీ అవర్ నుంచి మినహాయింపు ఇమ్మని అడగడం గారాబం కాదు, మందుతో సమానం.

ఆటలు మాన్పించకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. 1992 ప్రపంచకప్‌లో గాల్లోకి దూకి ఇంజమామ్‌ని రనౌట్ చేసిన దక్షిణాఫ్రికా ఫీల్డరు జాంటీ రోడ్స్‌కి మూర్ఛ ఉంది. ఆయనే బాహాటంగా చెప్పుకున్నాడు. కబడ్డీ, ఖోఖో, పరుగు, అన్నీ ఆడొచ్చు. టీవీ తెర, డిజిటల్ బోర్డు చూస్తే ఫిట్స్ వస్తుందని అందరినీ వెనక్కి కూర్చోబెట్టడం కూడా అనవసరం. మూర్ఛ ఉన్నవాళ్లలో మెరిసే వెలుతురుకి ఫిట్స్ వచ్చేది సుమారు నూటికి ముగ్గురికే.

మన ప్రాంతంలో భయపడాల్సింది నీళ్లకి. కాలువలు, చెరువులు, దిగుడు బావులు, ఇప్పుడు ఎక్కడ చూసినా రొయ్యల గుంటలు. మోకాటిలోతు నీళ్లలో ఫిట్స్ వచ్చినా ప్రాణం పోతుంది, అరవడానికి నోరు పెగలదు. సెలవుల్లో ఈతకి ఒంటరిగా పంపకూడదు. చెట్టెక్కనివ్వకూడదు. బడి పిల్లల్ని మైపాడు సముద్రానికి తీసుకెళ్తే ఆ బిడ్డని ఇంట్లో వదిలేయొద్దు, తీసుకెళ్లండి. ఒక టీచరు చేతికందే దూరంలో ఉండాలి, అంతే. ఇంట్లో స్నానాల గదికి లోపల గడియ పెట్టుకోనివ్వకండి.

మన జిల్లాలో ఈ జబ్బు మీద ఊరూరా తిరిగే ప్రయత్నం ఉంది. నెల్లూరులో న్యూరాలజిస్టు డాక్టర్ బిందు మీనన్ ఫౌండేషన్ ‘న్యూరాలజీ ఆన్ వీల్స్’ పేరుతో బండిలో పల్లెలకి వెళ్లి పక్షవాతం, మూర్ఛ ఉన్నవాళ్లని చూసి మందులిస్తోంది. ప్రభుత్వం వైపు నుంచి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడికి ఏడాదికొకసారి రావాలి. ఆ పథకం చూసే 30 సమస్యల జాబితాలో ఫిట్స్ కూడా ఉంది. వాళ్లు వచ్చిన రోజు బరువు, ఎత్తు, పళ్లు చూపించి పంపేయకండి. ఈ పిల్లల పేర్లు మీరే ముందు చెప్పండి. సరైన మందు సరిగ్గా వాడితే నూటికి డెబ్బైమంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

ఇంకొక్కటి. మన దగ్గర పిల్లల్లో ఫిట్స్‌కి ఒక కారణం మెదడులోకి చేరే బద్దెపురుగు తిత్తి. పంది మాంసం ముట్టని ఇళ్లలోనూ వస్తుంది. మలం కలిసిన మట్టి, నీళ్లు, కడగని కూరగాయలు, కడగని చేతులు దీనికి దారి. బడిలో కుళాయి దగ్గర సబ్బుముక్క ఉందో లేదో చూడండి.

తాయెత్తు కట్టించుకోండి, మీ ఇష్టం. బారాషహీద్ దర్గా రొట్టెల పండగలో ఆరోగ్య రొట్టె పట్టుకోండి, మీతోపాటు నేనూ వస్తాను. రాత్రి మాత్ర మాత్రం తప్పించొద్దు.

తల్లిదండ్రులకి నా మనవి: బడిలో ఈసారి పేరెంట్స్ మీటింగు జరిగినప్పుడు అందరూ వెళ్లాక ఒక్క అయిదు నిమిషాలు ఆగి, క్లాస్ టీచర్‌కి ఈ సంగతి చెప్పండి, డాక్టరు చీటీ చూపించండి. హెడ్మాస్టర్లకి నా మనవి: ఫిట్స్ వచ్చిందన్న కారణంతో ఎవరికీ టీసీ రాయకండి. ఇప్పటికే ఇంటికి పంపిన బిడ్డ ఎవరైనా ఉంటే ఈ సోమవారం కబురు చేసి పిలిపించండి.